నవ్వించే పాత పాయింట్ అండ్ క్లిక్ ఆటలు: మొదట ఏది ఆడాలి?

పాయింట్ అండ్ క్లిక్ అడ్వెంచర్ అంటే చేతివేగంతో పెద్దగా పని లేని ఆట. తెరమీద ఒక చోటు గీసి ఉంటుంది, అందులో మీ మనిషి నిలబడి ఉంటాడు. దొరికిందల్లా సంచిలో వేసుకోవాలి, ఎదురైనవాళ్లందరితో మాట్లాడాలి, ఒక వస్తువును ఇంకోదానితో కలిపి చూడాలి. అలా ఒక్కో దారీ తెరుచుకుంటుంది. 1987 నుంచి 1990ల చివరిదాకా లూకాస్‌ఫిల్మ్ గేమ్స్, పేరు మారాక లూకాస్‌ఆర్ట్స్, ఈ తరహాలో తీసిన హాస్యపు ఆటలు ఇప్పటికీ కడుపుబ్బ నవ్విస్తాయి. వాటిలో చాలావాటికి కొత్త బొమ్మలతో మళ్లీ విడుదలలు వచ్చాయి కాబట్టి ఈనాటి లాప్‌టాప్‌లో నేరుగా ఆడొచ్చు.

కొత్తవాళ్లు చాలామంది “అన్నిట్లోకీ గొప్పది ఏది?” అని అడిగి, ఎవరో చెప్పిన పేరు పట్టుకుని మొదలుపెట్టి, మూడోరోజుకి ఆపేస్తారు. ఈ ఆటల్లో సగం సమయం దారి తోచక ఇరుక్కునే ఉంటాం. ఆ ఆలోచనలోనే ఆటంతా ఉంది. అందుకే మొదటి ఆట ఎంచుకునేటప్పుడు దాని కీర్తి పక్కన పెట్టి, ఇరుక్కున్నప్పుడు అది మీకు ఎంత అండగా ఉంటుందో చూడండి.

వెనక్కి రాలేని దారులు

పాత అడ్వెంచర్ ఆటల్లో రెండు సంప్రదాయాలు ఉన్నాయి. సియెరా కంపెనీ ఆటల్లో మీ పాత్ర అడుగడుగునా చచ్చిపోతుంది. అంతకన్నా పెద్ద బాధ, ఎప్పుడో చేసిన పొరపాటుకు చాలాసేపటి తర్వాత దారి మూసుకుపోవడం. 1990లో వచ్చిన కింగ్స్ క్వెస్ట్ 5లో ఒక పిల్లి ఎలుకను తరుముతూ పోతుంది. ఆ కొద్ది క్షణాల్లో మీ దగ్గరున్న పాత బూటు పిల్లిమీదికి విసరాలి. విసరకపోతే ఆట ఏమీ అనదు, కథ మామూలుగానే సాగుతుంది. ఆ తర్వాత సత్రం నేలమాళిగలో మిమ్మల్ని తాళ్లతో కట్టి పడేస్తారు. వచ్చి ఆ తాళ్లు కొరకాల్సింది ఆ ఎలుకే! పాత సేవ్ లేకపోతే మళ్లీ మొదటినుంచి ఆడటమే. స్పేస్ క్వెస్ట్ లాంటి సియెరా హాస్యపు ఆటలది కూడా ఇదే స్వభావం. చచ్చినప్పుడు వచ్చే మాటలు నవ్విస్తాయి, నిజమే. కానీ మొదటి ఆటగా తీసుకుంటే ఓపిక నవ్వుకన్నా ముందే అయిపోతుంది.

ఈ పద్ధతి తప్పని లూకాస్‌ఫిల్మ్ గేమ్స్‌లో ఆటలు తీసే రాన్ గిల్బర్ట్ 1989లోనే వ్యాసం రాశారు. మరుసటి ఏడాది తన బృందంతో తీసిన ద సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్‌లో ఆ మాటను ఆచరించి చూపించారు. అందులో చావు దాదాపు లేదు. కథానాయకుడు గైబ్రష్ తనకు పది నిమిషాలు ఊపిరి బిగపట్టే విద్య వచ్చని చెప్పుకుంటాడు. అతను నీళ్లలో మునిగి ఉన్నప్పుడు మీరు నిజంగా పది నిమిషాలు ఏమీ చేయకుండా కూర్చుంటే తప్ప అతనికి ఏమీ కాదు. ఏం నొక్కినా, ఎవరికి ఏ పిచ్చి జవాబు ఇచ్చినా ఆట పాడవదు. కొత్తవాళ్లకు కావలసింది ఈ ధైర్యమే. కాబట్టి లూకాస్ సంప్రదాయంలోనే మొదలుపెట్టండి.

ఇంగ్లీషు ఎంత కావాలి?

ఇక్కడ చెప్పే ఆటలేవీ తెలుగులో లేవు. మామూలు ఇంగ్లీషు చదవగలిగితే కథ అర్థమవుతుంది. ఇబ్బంది అంతా జాతీయాల మీద, శ్లేషల మీద కట్టిన పజిళ్లతోనే. అది మీ తెలివి లోపం కాదని ముందే తెలిస్తే ఒక సాయంత్రం వృథా కాకుండా మిగులుతుంది.

మంకీ ఐలండ్ మొదటి భాగంలోనే ఒక ఉదాహరణ ఉంది. వంతెన మీద ఒక భూతం దారి అడ్డగించి సుంకం అడుగుతుంది. దానికి కావలసింది అందరి దృష్టినీ లాగేదీ, తీరా చూస్తే ఏ ప్రాముఖ్యమూ లేనిదీ. ఇంగ్లీషులో మనిషిని పక్కదారి పట్టించే విషయాన్ని రెడ్ హెర్రింగ్ అంటారు, మాటకు మాట అర్థం చూస్తే ఎర్ర చేప. బార్ వంటగది వెనక రేవుమీద ఒక చేప పడి ఉంటుంది, దాన్ని ముట్టుకోనివ్వకుండా ఒక సముద్రపక్షి కాపలా కాస్తుంది. వదులుగా ఉన్న చెక్కమీద పదేపదే అడుగు వేస్తే పక్షి ఎగురుతుంది, ఆ సందులో చేపను తీసుకోవాలి. జాతీయం తెలియనివాళ్లు కూడా వస్తువులన్నీ ఒక్కొక్కటే భూతానికి ఇచ్చి చూసి గట్టెక్కుతారు. ఇది క్షమించదగిన శ్లేష.

క్షమించలేనిది రెండో ఆటలో ఉంది. 1991 నాటి మంకీ ఐలండ్ 2: లెచక్స్ రివెంజ్‌లో జలపాతం పక్కనున్న పంపును తిప్పాలి. అందుకు ఒక కోతిని మైమరపించి సంచిలో వేసుకొచ్చి, దాన్నే పానాలా వాడాలి! అమెరికాలో ఒక రకం పానాను మంకీ రెంచ్ అంటారు, పజిల్ అంతా ఆ మాటమీదే నిలిచి ఉంది. ఆ మాట వాడుకలో లేని బ్రిటన్‌లోనే ఆడేవాళ్లు తలలు పట్టుకున్నారు. మన మెకానిక్ షెడ్లలో పానా అనే వింటాం కాబట్టి ఈ ఊహ మనకు తట్టే అవకాశం బహు తక్కువ. అక్కడికి చేరితే సంకోచించకుండా ఈ పేరా గుర్తు చేసుకోండి.

ద సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్: ఎక్కువమందికి ఇదే సరి

1990 ఆట, కొత్త బొమ్మలతో స్పెషల్ ఎడిషన్ 2009లో వచ్చింది. గైబ్రష్ త్రీప్‌వుడ్ అనే కుర్రాడు సముద్రపు దొంగ కావాలని ఒక దీవికి వస్తాడు. కత్తియుద్ధం, దొంగతనం, నిధి వెతకడం అనే మూడు పరీక్షలు నెగ్గాలని పెద్ద దొంగలు షరతు పెడతారు.

మొదటి ఆటగా దీన్ని చెప్పడానికి గట్టి కారణం ఈ మూడు పరీక్షల ఏర్పాటే. మూడూ ఒకేసారి తెరిచి ఉంటాయి, ఒకదాంట్లో ఇరుక్కుంటే ఇంకోదానికి మారిపోవచ్చు. అయినా అన్నీ ఒకే దీవిలో, గట్టిగా అరగంట తిరిగితే గుర్తుండిపోయే చోట్లలో జరుగుతాయి. స్వేచ్ఛ ఉంటుంది, తప్పిపోయే భయం ఉండదు.

కత్తియుద్ధం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ ఆట పేరు ఇన్నేళ్లు నిలవడానికీ, కొత్తవాళ్లు అక్కడే విసుగెత్తిపోవడానికీ కారణం అదే. ఇక్కడ గెలుపు మాటతోనే. ఎదుటివాడు ఒక తిట్టు విసురుతాడు, దానికి దీటైన జవాబు మీరు ఇవ్వాలి. మొదట్లో మీకు తిట్లూ రావు, జవాబులూ రావు. ముందు కత్తి కొనుక్కుని కెప్టెన్ స్మర్క్ దగ్గర శిక్షణ పొందాలి. తర్వాత దీవి మ్యాప్‌లో దారుల వెంట తిరుగుతుండే దొంగలతో తలపడాలి. మీకు తెలియని తిట్టు వాడు విసిరితే ఓడిపోతారు, కానీ ఆ తిట్టు మీ జాబితాలో చేరుతుంది. దాన్ని ఇంకో దొంగమీద ప్రయోగించండి. వాడికి జవాబు తెలిస్తే అది కూడా మీదవుతుంది. అంటే మొదట నాలుగైదు సార్లు కావాలనే ఓడాలి. గెలవాలనే పట్టుదలతో తెలిసిన ఒకటి రెండు తిట్లే తిప్పితిప్పి వాడేవాళ్లకు ఈ భాగం గంటలకొద్దీ సాగుతుంది.

కాగితంమీద రెండు వరసలు గీసి, ఎడమవైపు తిట్టు, కుడివైపు జవాబు రాసుకోండి. మొత్తం 16 జతలు. చివర్లో కత్తియుద్ధ నిపుణురాలు మీరు ఎన్నడూ విననివి విసురుతుంది, అక్కడ కంగారుపడకండి. తిట్లు కొత్తవైనా జవాబులు మీకు తెలిసిన పదహారే. పాత జవాబు కొత్త తిట్టుకు ఎలా అతుకుతుందో పట్టుకోవాలి. అవధానంలో సమస్యాపూరణం ఇష్టపడేవాళ్లకు ఈ ఘట్టం ప్రాణం లేచొచ్చేలా ఉంటుంది. చివరి పాదం అదే, దానికి ముందు వచ్చేది మారి అర్థమే మారిపోతుంది.

ఈ భాగంలోనే ఇంకో మెలిక. నిపుణురాలి ఇల్లు మ్యాప్‌లో వెతికితే దొరకదు. దుకాణదారుణ్ణి ఆమె గురించి అడిగితే అతను కనుక్కొస్తానని బయల్దేరతాడు. అతను తిరిగొచ్చేదాకా దుకాణంలోనే కాచుకుని ఉంటే లాభం లేదు, అతని వెనకాలే నడవాలి. మధ్యలో తప్పిపోతే మళ్లీ వచ్చి అడగండి, మళ్లీ బయల్దేరతాడు.

లోపాలు కూడా ఉన్నాయి. స్పెషల్ ఎడిషన్ కొత్త బొమ్మల్లో క్రియల పట్టిక (లుక్ ఎట్, పిక్ అప్, ఓపెన్ లాంటి ఆజ్ఞల వరస), సంచి రెండూ దాచి ఉంచారు, వస్తువులు కలపడం కాస్త చేతికి అడ్డంగా తగులుతుంది. ఎఫ్ 10 నొక్కితే ఆ క్షణమే 1990 నాటి బొమ్మల్లోకి మారుతుంది, అక్కడ క్రియలన్నీ తెర కింద వరసగా కనిపిస్తాయి. గొంతులు మాత్రం ఈ ఆటలో కొత్త బొమ్మల వైపే వినిపిస్తాయి. సంభాషణలు కొత్తదాంట్లో విని, వస్తువులతో కుస్తీ పడేటప్పుడు పాతదాంట్లోకి మారడం మంచి పద్ధతి. దారి తోచకపోతే సూచన ఇచ్చే ఏర్పాటు కూడా ఇందులో ఉంది, హెచ్ మీట నొక్కాలి.

డే ఆఫ్ ది టెంటకిల్: ఇద్దరు కలిసి ఆడేట్టయితే

1993లో డేవ్ గ్రాస్‌మన్, టిమ్ షేఫర్ నడిపించిన ఆట, మెరుగులు దిద్దిన కొత్త విడుదల (రీమాస్టర్డ్) 2016లో వచ్చింది. విషపు మురుగు తాగి చేతులు మొలిపించుకున్న ఊదారంగు టెంటకిల్ (ఆక్టోపస్ చెయ్యిలాంటి జీవి) ఒకటి లోకాన్ని జయించడానికి బయల్దేరుతుంది. దాన్ని ఆపబోయిన ముగ్గురు స్నేహితుల్లో ఒకడు ఈ కాలంలో ఉండిపోతాడు, ఇంకొకడు హోగీ 200 ఏళ్లు వెనక్కి, మూడో అమ్మాయి లావెర్న్ 200 ఏళ్లు ముందుకి పోయి పడతారు. కథ జరిగే భవనం మూడు కాలాల్లోనూ అదే. చిన్న వస్తువులను టాయిలెట్ ఆకారంలో ఉన్న కాలయంత్రంలో వేసి ఒకరికొకరు పంపించుకోవచ్చు.

పజిళ్ల అల్లికలో దీన్ని మించింది లేదని గట్టిగా చెప్పొచ్చు. భవిష్యత్తులో లావెర్న్ ఒక చెట్టుకు వేలాడుతూ ఇరుక్కుపోయి ఉంటుంది. అదే చెట్టు 200 ఏళ్ల కిందట జార్జ్ వాషింగ్టన్ కిటికీ ఎదురుగా ఉంది. చిన్నప్పుడు వాషింగ్టన్ చెర్రీ చెట్టు నరికాడని అమెరికా పిల్లలందరూ వినే కథ ఒకటుంది. ఈ చెట్టుకు కాసింది చిన్న నారింజల్లాంటి కుమ్‌క్వాట్ కాయలు. హోగీ చేత వాటికి ఎర్రరంగు వేయిస్తే వాషింగ్టన్ చెర్రీ అనుకుని నరికేస్తాడు, అక్కడ భవిష్యత్తులో చెట్టు మాయమై లావెర్న్ కిందికి దిగుతుంది. ఒక కాలంలో చేసిన పనికి ఇంకో కాలంలో ఫలితం కళ్లముందు కనబడటం అద్భుతంగా ఉంటుంది.

కానీ చూశారుగా, ఆ కథ తెలియకపోతే రంగు డబ్బా చేతిలో ఉన్నా ఊహ తట్టదు. మెరుపుల్లో విద్యుత్తు కోసం బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఎగరేసిన గాలిపటం, అమెరికా రాజ్యాంగ రచన ఇలాగే వస్తాయి. అక్కడ చదువుకున్న పిల్లలున్న ప్రవాస తెలుగు ఇళ్లలో ఇది ఇబ్బందే కాదు, తల్లిదండ్రులకు పిల్లలే చెప్పగలరు. ఇక్కడివాళ్లు ఆ మూడు విషయాలు పది నిమిషాలు చదువుకుని కూర్చుంటే చాలు.

ఇద్దరు కలిసి ఆడితే మంచిదనడానికి కారణం వేరే ఉంది. ముగ్గురి సంచుల్లో, మూడు కాలాల్లో ఏదెక్కడ ఉందో ఒక్కరి బుర్రలో పట్టదు. ఒకరు మౌస్ పట్టుకుంటే ఇంకొకరు కాగితం పట్టుకోవాలి. కొత్త గది కనిపించిన ప్రతిసారీ “ఇదే చోటు మిగతా రెండు కాలాల్లో ఎలా ఉంది?” అని చూసుకోండి. సగం జవాబులు అందులోనే దొరుకుతాయి.

ఫుల్ థ్రాటిల్: టైమ్ తక్కువ ఉన్నవాళ్లకు

1995 ఆట, రీమాస్టర్డ్ 2017. బెన్ అనే మోటార్‌సైకిల్ ముఠా నాయకుడు, తనమీద పడిన హత్యానింద. ఇక్కడి హాస్యం మొరటుగా, పొడిపొడి మాటల్లో ఉంటుంది. అయిదారు గంటల్లో అయిపోతుంది. క్రియల జాబితా లేదు, వస్తువుమీద నొక్కి పట్టుకుంటే చెయ్యి, బూటు, కళ్లు, నోరు ఉన్న బొమ్మ వస్తుంది. శ్లేషల పజిళ్లు తక్కువ కాబట్టి ఇంగ్లీషు అంతగా రానివాళ్లకు ఇదే సులువు. అడ్డు తగిలేది బైక్ మీద కొట్లాటలు, కార్లు గుద్దుకునే పోటీ. ఇవి చేతివేగం అడుగుతాయి. కొట్లాటల్లో కిటుకు ఏమిటంటే, ఎవరిమీద ఏ ఆయుధం పనిచేస్తుందో కనిపెట్టడం. ఒకడిని ఒకదానితో కొట్టి కుదరకపోతే ఆయుధం మార్చండి.

కొత్తగా తీసిన పాతరకం ఆటలు

థింబుల్‌వీడ్ పార్క్‌ను 2017లో రాన్ గిల్బర్ట్, గ్యారీ విన్నిక్ తీశారు. తొమ్మిది క్రియల పట్టికతో, పాత తరహా చుక్కల బొమ్మలతో ఉంటుంది కానీ లోపల సౌకర్యాలన్నీ కొత్తవి. క్యాజువల్, హార్డ్ అని రెండు స్థాయిలు ఉంటాయి. ఇరుక్కుంటే ఆటలోని టెలిఫోన్‌తో 4468 కొడితే సూచన ఒక్కొక్క మెట్టుగా చెబుతారు. అయిదుగురు పాత్రలు, నిడివి కూడా బాగా ఎక్కువ. పాతకాలపు ఆటల మీద పరాచికాలు ఎక్కువ కాబట్టి రెండో మూడో ఆటగా పెట్టుకుంటే రెట్టింపు రుచి.

2022 నాటి రిటర్న్ టు మంకీ ఐలండ్ ఆడటానికి వీటన్నిటిలో అత్యంత సుఖమైనది. ఆటలోనే సూచనల పుస్తకం ఉంటుంది, సులువు స్థాయి ఉంటుంది, ఫోన్‌లో కూడా దొరుకుతుంది. అయినా మొదట దీంతో వద్దు. కథ సరిగ్గా రెండో ఆట చివరి దృశ్యం నుంచి అందుకుంటుంది. పాత కథలు చెప్పే స్క్రాప్‌బుక్ ఒకటి పెట్టారు గానీ, గైబ్రష్‌తో కలిసి తిరిగిన జ్ఞాపకాలు ఉన్నవాళ్లకు మాత్రమే ఆ ముగింపు గుండెకు తగులుతుంది.

మంకీ ఐలండ్ 2 మొదటిదానికన్నా గొప్పదనేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల మాటలో బలం ఉంది. కానీ మధ్య భాగంలో మూడు దీవులు, నాలుగు మ్యాపు ముక్కలు ఒకేసారి మీద పడతాయి, పైగా ఆ కోతి పానా ఒకటి. మొదటిది అయ్యాకే దాని జోలికి వెళ్లండి. గ్రిమ్ ఫాండాంగో కథాపరంగా శిఖరం, 1998లో వచ్చింది. రీమాస్టర్డ్‌లో మౌస్‌తో ఆడే వీలు పెట్టారు, కానీ పజిళ్లు నిర్దయగా ఉంటాయి. సామ్ అండ్ మాక్స్ హిట్ ది రోడ్ నిండా అమెరికా రహదారుల పక్కన ఉండే వింతల మీద హాస్యం, తర్వాత చూసుకోవచ్చు.

డబ్బు పెట్టకుండా రుచి చూడాలంటే

స్కమ్‌వీఎమ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, పాత అడ్వెంచర్ ఆటలను ఇప్పటి యంత్రాల మీద ఆడనిస్తుంది. 2001 నుంచి ఔత్సాహికులు నడుపుతున్నారు, విండోస్, లినక్స్, మ్యాక్, ఆండ్రాయిడ్ అన్నిట్లో నడుస్తుంది. హక్కుదారులే ఉచితం చేసిన కొన్ని ఆటలు దాని వెబ్‌సైట్లోనే ఉన్నాయి. నవ్వుల కోసమైతే వాటిలో ఫ్లైట్ ఆఫ్ ది అమెజాన్ క్వీన్ తీసుకోండి. 1995 ఆట, మంకీ ఐలండ్ ఛాయలు స్పష్టంగా ఉంటాయి. బినీత్ ఎ స్టీల్ స్కైలో కథ గంభీరం, జోయీ అనే రోబో మాటలు మాత్రం భలే చురుకు. అయితే అందులో పాత్ర చచ్చిపోగలదు, తరచుగా సేవ్ చేయాలి.

ఎక్కించే పద్ధతి తేలిక. జిప్ ఫైల్‌ను విడిగా ఒక ఫోల్డర్లోకి విప్పండి. స్కమ్‌వీఎమ్ తెరిచి యాడ్ గేమ్ నొక్కి, ఆ ఫోల్డర్ చూపించండి, పేరు దానంతటదే గుర్తుపడుతుంది. గుర్తుపట్టకపోతే చాలాసార్లు కారణం ఫోల్డర్ లోపల ఇంకో ఫోల్డర్ ఉండటం, ఫైళ్లు నేరుగా ఉన్న లోపలిదాన్ని చూపించాలి. తర్వాత గ్రాఫిక్స్‌లో ఆస్పెక్ట్ రేషియో కరెక్షన్ ఆన్ చేయండి. ఈ ఆటలు 320 బై 200 చుక్కల్లో గీసినవి, ఆనాటి మానిటర్లు వాటిని నిలువుగా సాగదీసి చూపేవి. ఇది ఆన్ చేయకపోతే మనుషులందరూ నొక్కేసినట్టు పొట్టిగా కనిపిస్తారు. ఆడేటప్పుడు కంట్రోల్, ఎఫ్ 5 కలిపి నొక్కితే సేవ్ మెనూ వస్తుంది. చుక్క మీట కొన్ని ఆటల్లో ఒక డైలాగ్‌ను దాటిస్తుంది, ఎస్కేప్ మొత్తం దృశ్యాన్ని దాటిస్తుంది. తెలియక ఎస్కేప్ నొక్కి సూచనలున్న దృశ్యం పోగొట్టుకోవడం చాలా మామూలు పొరపాటు.

ఫోన్‌లో ఆడొచ్చు గానీ వేలు పడిన చోట చిన్న వస్తువులు కనబడవు. అందుకే స్కమ్‌వీఎమ్ సెట్టింగ్స్‌లో టచ్‌ప్యాడ్ పద్ధతి పెట్టుకుంటే వేలు ఒకచోట, బాణం ఇంకోచోట ఉంటాయి.

ఇరుక్కున్నప్పుడు

ముందు ప్రతి గదిలో మౌస్‌ను మూలమూలకూ నెమ్మదిగా తిప్పి, పేరు వచ్చేవన్నీ చూడండి. వదిలేసిన వస్తువు ఒకటి ఉండే ఉంటుంది. తర్వాత సంచిలోని ప్రతిదాన్నీ లుక్ ఎట్‌తో చూడండి, వర్ణనలో సూచన దాగి ఉంటుంది. ఆ తర్వాత అందరితో మళ్లీ మాట్లాడండి, కొత్త వస్తువు చేతికొచ్చాక పాత మనుషుల మాటలు మారుతుంటాయి. అన్నిటినీ అన్నిటితో రుద్దడం ఆఖరి అస్త్రం. అది అలవాటైతే హాస్యం చచ్చిపోయి తాళంచెవుల గుత్తితో కుస్తీలా మిగులుతుంది.

అరగంట దాటినా కదలకపోతే సూచన చూడండి. సూచన చూడటంలో తప్పేమీ లేదు. యూట్యూబ్ వీడియోలో మాత్రం వెతకకండి, కావలసింది ఒక్కటైతే ముందున్న నాలుగు పజిళ్ల గుట్టూ కళ్లబడుతుంది. యూనివర్సల్ హింట్ సిస్టమ్ అనే పాత వెబ్‌సైట్లో ప్రశ్న ఎంచుకుంటే సూచనలు ఒకటి తర్వాత ఒకటిగా తెరుచుకుంటాయి, మొదటిది చిన్న తోపు, చివరిది పూర్తి జవాబు. మొదటి రెండూ చదివి ఆపేసి ఆటలోకి వెళ్లండి.

ఏది కొనాలో ఇంకా తేలకపోతే ముందు అమెజాన్ క్వీన్ ఒక సాయంత్రం ఉచితంగా ఆడి చూడండి. వస్తువులు వెతకడం, పిచ్చి జవాబులు ఎంచుకోవడం సరదాగా అనిపిస్తే మంకీ ఐలండ్ మొదటి భాగం కొనండి. స్టీమ్, గాగ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణాలు రెండింట్లోనూ ఉంది, సేల్ వచ్చేదాకా విష్‌లిస్ట్‌లో పెట్టుకుంటే బాగా తక్కువకు వస్తుంది. ఇంట్లో పక్కన కూర్చునే తోడు ఉంటే డే ఆఫ్ ది టెంటకిల్, ఒక్క వారాంతమే ఖాళీ ఉంటే ఫుల్ థ్రాటిల్. గ్రిమ్ ఫాండాంగో దాకా వచ్చినవాళ్లు మాత్రం ప్రతి గంటకూ మీరే సేవ్ చేసుకోవాలి, ఆట దానంతటది చేస్తుందని నమ్ముకోకండి.